ఏడువందల ఇరవై కిలోలు

చిన్నప్పుడు ఇంట్లో ఏ వస్తువు మూలపడ్డా దాన్ని విప్పేది చెల్లెలు. విప్పినందుకు చీవాట్లు తినేదీ చెల్లెలే. అక్క అలాంటి వాటి జోలికి పోయేది కాదు. ఆ వస్తువు కొన్నప్పుడిచ్చిన గ్యారంటీ కాగితం ఏ పెట్టెలో ఏ కవరు కింద ఉందో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేది. "పెద్దదానికి బుర్ర, చిన్నదానికి చేతులు" అని వాళ్ళమ్మ వచ్చినవాళ్ళందరితో అనేది. అనడంలో బుర్రదే పైచేయిగా వినిపించేది. ఆ మాట మీదే అక్క ముప్పై ఏళ్ళు బతికింది.

చదువు పూర్తిచేసి అక్క మిక్సీలు, వాషింగ్ మెషీన్లు తయారుచేసే కంపెనీలో చేరింది. పెళ్ళయింది, భర్త లెక్కల మాస్టారు. అమ్మ కూడా వాళ్ళింట్లోనే ఉంటోంది. చెల్లెలు డిగ్రీ రెండో ఏడు తప్పింది. ఒక రిపేరు షాపులో పనికి కుదిరి, ఆ షాపతన్నే పెళ్ళిచేసుకుని, చివరికి పాడైన మెషీన్లు విప్పి ఇనుము, రాగి, ప్లాస్టిక్కు వేరుచేసే రేకుల షెడ్డు ఒకటి పెట్టుకుంది. అమ్మని చూడటానికి వచ్చినప్పుడల్లా ఆమె గోళ్ళ సందుల్లో నల్లటి గ్రీజు కనిపించేది. అక్క జాలిపడేది. ఆ జాలి అక్కకి ఎంతో హాయిగా ఉండేది.

అప్పుడు కొత్త నిబంధన వచ్చింది. మెషీన్లు తయారుచేసి అమ్మే కంపెనీలే, అవి పాతబడ్డాక వెనక్కి రప్పించి పద్ధతిగా విప్పించాలి. ఏటా అమ్మినదాంట్లో ఇంత బరువు వెనక్కి తెచ్చామని, ప్రభుత్వం దగ్గర నమోదైన షెడ్డులోనే విప్పించామని సర్టిఫికెట్టు చూపించాలి. చూపించకపోతే జరిమానా. కంపెనీ ఆ పనికి ఒక విభాగం పెట్టి అక్కని దానికి బాధ్యురాలిని చేసింది.

ఆ వారం చెల్లెలు ఇంటికొచ్చినప్పుడు భోజనాల దగ్గర అక్క ఆ సంగతి చెప్పింది.

"ఇకమీదట నీలాంటివాళ్ళ షెడ్లు మూసుకోవాల్సిందేనే. చెత్త విప్పడానికి కూడా లైసెన్సు కావాలట."

"ఎవరిస్తారక్కా?"

"ఇచ్చేవాళ్ళు ఇస్తార్లే. దుమ్ము లాగే యంత్రాలుండాలి, కెమెరాలుండాలి, సరైన కాటా ఉండాలి, పనివాళ్ళకి ఏటా డాక్టరు పరీక్షలుండాలి. నీ వల్ల అయ్యే పనేనా?"

"దాని తాలూకు కాగితాలేమైనా ఉంటే ఇవ్వవా. చదువుకుంటాను."

అక్కకి నవ్వొచ్చింది. మర్నాడే నలభై రెండు పేజీలు ప్రింటు తీయించి, కుట్టించి మరీ ఇచ్చింది. "నువ్వు చదివేలోపు ఇవి మళ్ళీ మారిపోతాయి" అంది.

రెండేళ్ళ తర్వాత నమోదైన షెడ్ల జాబితా అక్క బల్ల మీదకి వచ్చింది. మూడో వరసలో చెల్లెలి పేరుంది. ఇంటిపేరుతో సహా, తప్పు లేకుండా ఉంది. ఎవరైనా వేరే ఆవిడేమోనని అక్క చిరునామా చూసింది. చిరునామా కూడా ఆ రేకుల షెడ్డుదే. జాబితాని బోర్లా తిప్పి బల్ల మీద పెట్టింది.

అంతకుముందు కంపెనీ సరుకు విప్పే షెడ్డతను వయసు మీదపడి పని మానుకున్నాడు. మేనేజరు కొత్త షెడ్లు నాలుగు స్వయంగా తిరిగి చూసొచ్చి, అక్కని తన గదికి పిలిచాడు.

"ఆవిడ మీ చెల్లెలట కదా మేడమ్. చెప్పనే లేదు."

"సందర్భం రాలేదు సార్."

"ఎంత స్పష్టంగా మాట్లాడారండీ. నేనడిగిన ఒక్క ప్రశ్నకి కూడా కనుక్కుని చెప్తాననలేదు. మన సరుకంతా ఇకనుంచి అక్కడికే."

ప్రతి మీటింగులోనూ 'కనుక్కుని చెప్తాను సార్' అనేది అక్కే. ఆయన ఎత్తిపొడవాలని అనలేదు. అందుకే అది ఇంకా లోతుగా గుచ్చుకుంది.

లోడ్లు వెళ్ళడం మొదలైంది. మొదటి లోడు దించి తిరిగొచ్చిన లారీ డ్రైవరు ఒక కవరు తెచ్చిచ్చాడు. లోపల ఉత్తరం. 'గౌరవనీయులైన మేడమ్ గారికి' అని మొదలై, ఇకపై ప్రతి లోడుకీ వివరాలు ఇలా రాసి పంపుతామని చెప్పి, కింద చెల్లెలి సంతకం, సంతకం కింద 'యజమాని' అని హోదా. గుండ్రటి దస్తూరి. 'యజమాని' అన్న ఆ ఒక్క మాటని అక్క చాలాసేపు చూసింది. తర్వాత లోడుతో ఇంకో కవరు వచ్చింది. రసీదే కదా అనుకుని విప్పకుండా సొరుగులో పడేసింది. అలా ఏడాదిలో తొమ్మిది లోడ్లు వెళ్ళాయి, తొమ్మిది కవర్లు వచ్చాయి. విప్పింది మొదటిదొక్కటే.

ఇంట్లో కూడా ఊపిరాడటం లేదు. చెల్లెలి షెడ్డు గురించి పేపర్లో చిన్న వార్త, ఫొటో పడ్డాయి. అమ్మ దాన్ని కత్తిరించి తన మంచం పక్క గోడకి అంటించుకుంది. "మా చిన్నది పదకొండుమంది ఆడవాళ్ళకి పని చూపిస్తోంది" అని పాలవాడికి కూడా చెప్పింది. ఆవిడ తింటున్నది పెద్దదాని ఇంట్లో, వేసుకుంటున్న మందులు పెద్దది తెచ్చినవి. అక్క ఆ మాట పైకి అనలేదు. అనకపోవడం తన గొప్పతనమనుకుంది.

"నువ్వలా పళ్ళు నూరుతుంటే పక్కింటివాళ్ళు మిక్సీ మార్చమంటున్నారు" అన్నాడు భర్త ఒకరోజు.

"నాకేం పట్టింది. అది బాగుపడితే నాకు సంతోషం కాదా?"

"సంతోషపడేవాళ్ళ మొహం ఇలా ఉండదనుకుంటా. నాకు తెలిసింది లెక్కలే కాబట్టి గట్టిగా చెప్పలేను."

ఏడాది చివర షెడ్డుని తనిఖీ చేయాలి. మామూలుగా అందుకు కింది ఉద్యోగిని పంపుతారు. ఈసారి తానే వెళ్తానంది అక్క. చెల్లెలని చూసీ చూడనట్టు పోయిందన్న మాట రాకూడదు కదా సార్ అని కారణం కూడా చెప్పింది. మేనేజరు మెచ్చుకున్నాడు.

షెడ్డు గుమ్మంలో చెల్లెలు నీలం కోటు, చేతికి తొడుగులు వేసుకుని ఎదురొచ్చింది. "రా అక్కా" అని, వెంటనే "రండి మేడమ్, ముందు ఈ మాస్కు పెట్టుకోండి" అని దిద్దుకుంది. లోపల రెండు వరసల్లో ఇనుప బల్లలు. ఒక్కో బల్ల దగ్గర ఒకామె. ఒకామె వాషింగ్ మెషీను డ్రమ్ము బోల్టులు తీస్తోంది. ఇంకొకామె మోటారు చీల్చి రాగి తీగని జడ విప్పినట్టు లాగుతోంది. సర్క్యూట్ బోర్డులు రకాన్ని బట్టి వేరువేరు బుట్టల్లో ఉన్నాయి. విషపు ద్రవం ఉండే చిన్న డబ్బాలని ముందే పీకి, మూతున్న పీపాలో వేస్తున్నారు. బల్లల మీద నుంచి లావుపాటి గొట్టాలు దుమ్మంతా బయటికి లాగుతున్నాయి. పంకాల హోరులో మాట వినబడాలంటే దగ్గరికి రావాల్సిందే.

మోటారు చీలుస్తున్నామె మాస్కు కిందకి దింపి నవ్వింది. "మీరు మా మేడమ్‌కి అక్కగారా? అచ్చం ఆవిడలాగే ఉన్నారు."

నలభై రెండేళ్ళ మనిషికి, తనకంటే అయిదేళ్ళు చిన్నదానిలా ఉన్నావనడం పొగడ్తే కావాలి. అక్కకి మాత్రం ముందు పుట్టింది తానేనని అక్కడ నిలబడి చెప్పాలనిపించింది.

తప్పులు వెతికింది. మంటలార్పే సిలిండర్ల మీద తేదీలు చూసింది, సరిగా ఉన్నాయి. డాక్టరు చీటీలు పదకొండు అడిగింది, పదకొండూ ఉన్నాయి. వెనకవైపు కాలవ దగ్గర వంగి వాసన చూసింది. సబ్బునీళ్ళ వాసన తప్ప ఏమీ లేదు. కాలవ దగ్గర నిలబడి, తనకి నిరాశగా ఉందని ఆమెకే తెలిసింది. ఆ తెలియడాన్ని పక్కకి నెట్టేసింది.

తర్వాత రిజిస్టర్లు ముందేసుకుని కూర్చుంది. కంపెనీ కాటా చీటీల ప్రకారం తొమ్మిది లోడ్లలో పంపిన సరుకు పద్నాలుగువేల మూడువందల ఎనభై కిలోలు. షెడ్డు రిజిస్టరులో అందింది పదమూడువేల ఆరువందల అరవై. మళ్ళీ కూడింది. ఏడువందల ఇరవై కిలోలు తేడా.

ఆ అంకె కనిపించిన క్షణాన ఆమె ఒళ్ళంతా తేలికైపోయింది. ఏడాది పొడుగునా బిగబట్టిన ఊపిరి వదిలినట్టయింది. చెల్లెలు ఇరవై అడుగుల దూరంలో లారీవాడితో మాట్లాడుతోంది. పిలిచి అడగవచ్చు. కానీ అడిగితే దానికి జవాబు ఉండే ప్రమాదం ఉంది.

వెళ్ళేటప్పుడు చెల్లెలు గుమ్మం దాకా వచ్చింది. "తేడాలేమైనా ఉన్నాయా అక్కా?"

"రిపోర్టులో వస్తాయిలే."

"ఉంటే ఇప్పుడే చెప్పు, చూపిస్తాను."

"చుట్టరికాలు కలపకు. పద్ధతి ప్రకారం వెళ్దాం."

రిపోర్టు మొత్తం గంటలో రాసింది. చివరి వాక్యానికి పావుగంట పట్టింది. 'లోటు పడిన సరుకు అనుమతి లేని చోటికి తరలిపోయి ఉండవచ్చు.' ఉండవచ్చు అనడంలో అబద్ధం లేదు కదా అనుకుంది. సంతకం మాత్రం ఎప్పటికన్నా అందంగా వచ్చింది.

మేనేజరు ఆ రిపోర్టు చూసి భయపడ్డాడు. సరుకు దొంగదారిలో ఏ కొలిమికైనా చేరిందని తేలితే కంపెనీ మెడకి చుట్టుకుంటుంది. ఆ రోజే నియంత్రణ శాఖకి పంపేశాడు. నాలుగోరోజు ఇద్దరు అధికారులు వచ్చి, విచారణ తేలేదాకా అని షెడ్డుకి సీలు వేసి వెళ్ళారు. పదకొండుమంది ఇళ్ళకి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం అమ్మ సరిగా అన్నం తినలేదు. అక్క చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఎవరో ఓర్వలేనివాళ్ళు రాసిచ్చి ఉంటారే. దానికి శత్రువులెవరున్నారు చెప్పు? నువ్వు పెద్ద ఆఫీసులో ఉన్నావు కదా, ఎవరికైనా ఒక మాట చెప్పకూడదూ?"

"చిన్నది ఏమంటోంది?"

"ఏమీ అనదు. ఎవరు రాశారే అంటే, పద్ధతి ప్రకారం జరుగుతోందమ్మా అంటుంది."

అంటే చెల్లెలికి తెలుసు. తెలిసీ అమ్మకి చెప్పలేదు. "చూస్తానమ్మా" అంది అక్క. భర్త గుమ్మంలో నిలబడి విన్నాడు. ఆ రోజు ఆయన ఏ జోకూ వేయలేదు.

పది రోజుల తర్వాత మేనేజరు పిలిచి ఒక కాగితం చూపించాడు. "విచారణ ఆఫీసు నుంచి వచ్చింది. తూకంలో తేడా గురించి మనకి ఎనిమిదిసార్లు ఉత్తరాలు రాశానని మీ చెల్లెలు చెబుతున్నారట. నకళ్ళు చూపించారట కానీ, మనకి అందినట్టు రుజువు లేదు. మీకేమైనా అందాయా?"

"లేదు సార్."

ఆలోచించే లోపే నోట్లోంచి వచ్చేసింది. మేనేజరు తల ఊపి, అలాగే జవాబు తయారుచేయమన్నాడు. అక్క తన బల్ల దగ్గరికి వచ్చి, అందరూ భోజనానికి వెళ్ళేదాకా ఆగి, సొరుగు తెరిచింది. ఎనిమిది కవర్లు. అంటించినవి అంటించినట్టే ఉన్నాయి.

రెండో ఉత్తరంలో నాలుగే వాక్యాలున్నాయి. 'మీ కాటా చీటీలో సరుకు కింద పెట్టే చెక్క చట్రాల బరువు కూడా కలిసిపోతోంది. లోడుకి అయిదు చట్రాలు, ఒక్కోటి సుమారు పదహారు కిలోలు. చట్రాలు అదే లారీలో వెనక్కి పంపుతున్నాం. దయచేసి మీ వైపు సరిచేయగలరు.' నాలుగోదాంట్లో, 'మాకు ముందున్న షెడ్డువారు చీటీలో ఉన్న బరువుకే సర్టిఫికెట్టు ఇచ్చేవారని డ్రైవరు చెప్పాడు. మేము చెక్కకి ఇవ్వలేము' అని ఉంది. ఏడోదాని చివర దస్తూరి కాస్త మారింది. 'అక్కా, ఇది ఆఫీసు ఉత్తరమే కానీ ఒక్క మాట. మీ మేనేజరు గారికి రాస్తే నీ మీదకి మాట వస్తుందని నీకే రాస్తున్నాను. ఇంట్లో చెప్పబోతే ఆఫీసు సంగతులు ఆఫీసులోనే అన్నావు. ఏడాది లెక్క పంపేలోపు దిద్దెయ్యి.'

ఏడాది లెక్క పంపడం కూడా అయిపోయింది. పద్నాలుగువేల మూడువందల ఎనభై అని రాసి పంపింది అక్కే.

ఇలాంటప్పుడు మనిషికి ముందు సిగ్గు కలగాలి. అక్కకి ముందు కలిగింది కోపం. ఇక్కడ కూడా చెల్లెలే మంచిదైంది. పని దానిదే సరైంది, పెద్దమనసూ దానిదే అయింది. తనకంటూ ఏమీ మిగల్చకుండా అన్నీ అదే పట్టుకుపోయింది. కాగితాలు ముక్కలు చేసే యంత్రం బల్ల పక్కనే ఉంది. ఎనిమిది కవర్లూ అర నిమిషం పని. ఆ తర్వాత చెల్లెలు షెడ్డు నడిపే మనిషి కాదు, ఒకప్పుడు నడిపిన మనిషవుతుంది. అమ్మ గోడ మీది ఫొటో మెల్లగా పసుపెక్కుతుంది. అక్క మళ్ళీ జాలిపడవచ్చు.

ఆమె యంత్రం దగ్గరికి నడిచింది, నిజమే. అప్పుడు ఇంకో ఆశ పుట్టింది. ఒకవేళ చెల్లెలు రాసింది తప్పయితే? చట్రం పదహారు కిలోలు కాక ఎనిమిదే అయితే? తేడాలో సగం దాని నెత్తినే ఉంటుంది. ఆ ఆశతోనే కవర్లు సంచిలో వేసుకుని గోడౌనుకి వెళ్ళింది.

కాటా దగ్గర పనిచేసే పెద్దాయన ఖాళీ చట్రాలు గోడకి చేరవేస్తున్నాడు. ఒకటి తూయమంది. పదహారు చూపించింది. ఇంకోటి పెట్టమంది. పదిహేనున్నర. మూడోది పదహారున్నర. లోడుకి అయిదు చొప్పున తొమ్మిది లోడ్లకి నలభై అయిదు చట్రాలు. లెక్కల మాస్టారి భార్యకి వేళ్ళు మడవాల్సిన పని పడలేదు.

"మీ చెల్లెలుగారు కూడా ఇలాగే ఒకదాని తర్వాత ఒకటి తూయించారమ్మా" అన్నాడు పెద్దాయన. "మేడమ్ గారికి రాశాను, చీటీ పద్ధతి మారుస్తారు అన్నారు. మీరు చెప్తారని చూస్తున్నాం."

"ఎన్నాళ్ళయింది?"

"ఏడాది కావస్తోంది. చెప్పకుండా మేమెలా మారుస్తామమ్మా?"

బయటికి వస్తుంటే గేటు దగ్గర ఒకామె వాచ్‌మన్‌ని ఏదో బతిమాలుతోంది. అక్కని చూసి గబగబా దగ్గరికి వచ్చింది. షెడ్డులో మోటార్లు చీల్చే ఆమె. మాస్కు లేకపోతే మనిషి ఇంకా చిన్నగా ఉంది.

"మేడమ్, ఇక్కడ ఊడ్చే పనైనా ఉంటుందేమోనని వచ్చాను. మా షెడ్డు ఎప్పుడు తెరుస్తారు? మా మేడమ్‌ని అడిగితే తెరుస్తారు, ఓపిక పట్టండి అంటారు. మీరు అక్కగారు కదా, మీకు తెలిసే ఉంటుంది."

అక్క సంచిని పక్కకి మార్చుకుంది. "ఎవరు చేశారంటున్నారు అక్కడ?"

"మాలోనే ఎవరో బోర్డులు బయటికి దాటేశారని వీధంతా అంటోంది మేడమ్. నన్నే అనుమానిస్తున్నారు. సాయంత్రం సంచితో వెళ్ళేది నేనే కదా. అందులో టిఫిన్ డబ్బా తప్ప ఏముంటుంది చెప్పండి."

తన కడుపుమంట చెల్లెలినొక్కదాన్నే కాలుస్తుందని అక్క అనుకుంది. అది ఎక్కడెక్కడికి పాకిందో, ఎవరి టిఫిన్ డబ్బా దాకా వెళ్ళిందో ఆమె ఆలోచించనే లేదు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళలేదు. విచారణ ఆఫీసు తెరిచేదాకా మెట్ల మీద కూర్చుని, ఎనిమిది ఉత్తరాలూ, కాటా చీటీలూ, రాత్రి తను రాసిన రెండు పేజీలూ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకుంది. అక్కణ్ణుంచి తిన్నగా మేనేజరు గదికి వచ్చింది.

"ఉత్తరాలు అందాయి సార్. నా సొరుగులోనే ఉన్నాయి."

"నిన్న లేదన్నారు కదా."

"అబద్ధం చెప్పాను."

మేనేజరు లేచి తలుపు మూశాడు. "చూడండి మేడమ్. ఇప్పుడు తప్పు మనదంటే మనం పంపిన లెక్కే తప్పని ఒప్పుకున్నట్టు. ముందు ఏళ్ళ లెక్కలు కూడా తవ్వుతారు. ఇది ఇలాగే వదిలేస్తే ఏమవుతుంది? షెడ్లు బోలెడున్నాయి. మీ ఉద్యోగమూ ఉంటుంది."

"ఇచ్చేసి వచ్చాను సార్. ముద్ర వేసిన కాగితం ఇదిగో."

ఆయన ఆ కాగితాన్ని, ఆమె మొహాన్ని మార్చి మార్చి చూశాడు. "మీ మీద నాకు చాలా నమ్మకం ఉండేది" అన్నాడు. ఎందుకు పోయిందో, ఉత్తరాలు దాచినందుకో, తీసుకెళ్ళి ఇచ్చినందుకో, ఆయన చెప్పలేదు.

షెడ్డుకి సీలు తీసేసరికి ముప్పై ఏడు రోజులైంది. కంపెనీకి గట్టి హెచ్చరిక వచ్చింది. లెక్క దిద్ది, లోటు బరువుకి సరిపడా పాత మెషీన్లు ఇళ్ళ నుంచి సేకరించి పంపాల్సి వచ్చింది. పాత షెడ్డతను ఏళ్ళ తరబడి చెక్కకి కూడా సర్టిఫికెట్లిచ్చిన సంగతి మీద ఇంకో విచారణ మొదలైంది. అక్కని ఆ విభాగం నుంచి తీసి, విడిభాగాలు నిలవచేసే స్టోర్సుకి మార్చారు. ఆమె కుర్చీలోకి వచ్చిన కొత్త ఉద్యోగి మొదటి వారమే చెల్లెలి షెడ్డుతో మూడేళ్ళ ఒప్పందం రాయించాడు. ఆ సంగతి స్టోర్సులో టీ తాగుతూ ఎవరో చెప్పగా విన్నది అక్క.

సీలు తీసిన రోజున ఆమె షెడ్డుకి వెళ్ళింది. బల్లల మీద దుమ్ము పేరుకుంది. ఎనిమిదిమందే వచ్చారు. ఇద్దరు వేరే పనుల్లో కుదురుకున్నారు. మోటార్లు చీల్చే ఆమె ఆ వీధి వదిలి ఎక్కడికో వెళ్ళిపోయింది. చెల్లెలు తనే తడిగుడ్డతో బల్లలు తుడుస్తోంది. అక్కని చూసి ఆగలేదు.

"ఉత్తరాలు విప్పలేదు నేను" అంది అక్క.

"తెలుసు. విచారణలో చూపించారు. కవర్లు అప్పుడే కోసినట్టున్నాయి."

"తప్పు నాదే."

"తప్పు సంగతి అధికారులు చూశారులే. నన్నొకటి అడగనీ." చెల్లెలు గుడ్డ పక్కన పెట్టింది. "ఆ రోజు ఇక్కడ కూర్చుని లెక్కలు కూడావు కదా. తేడా కనిపించినప్పుడు నీకేమనిపించింది?"

అక్క నేల చూపులు చూసింది. భయమేసిందనవచ్చు. బాధేసిందనవచ్చు. పంకాలు ఆపేసి ఉండటంతో షెడ్డు నిశ్శబ్దంగా ఉంది, ఏమన్నా అందరికీ వినబడుతుంది.

"సంతోషమేసింది" అంది.

చెల్లెలు చాలాసేపు ఆమెకేసి చూసింది. ఆ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ జారలేదు. "అదే అనుకున్నాను" అని, గుడ్డ తీసుకుని ఇంకో బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. అక్క కూడా ఒక గుడ్డ తడిపి అటు చివర బల్ల తుడవబోయింది. "వద్దు, వాళ్ళు చేసుకుంటారు" అంది చెల్లెలు, తల ఎత్తకుండా.

ఆ రాత్రి భర్త ఎదురుగానే అక్క అమ్మకి అంతా చెప్పింది. అమ్మ తిట్టలేదు. రెండు రోజుల తర్వాత బట్టలు సర్దుకుని, కొన్నాళ్ళు చిన్నదాని దగ్గర ఉంటానంది. ఆటో ఎక్కేటప్పుడు మందుల సంచి అందుకుంటూ, "నువ్వు కూడా వేళకి తిను" అని మాత్రం అంది. గోడ మీద ఫొటో తీసిన చోట జిగురు మరక మిగిలింది.

మూడు నెలలు చెల్లెలు రాలేదు, ఫోను చేయలేదు. నాలుగో నెల మొదట్లో స్టోర్సులో ఉండగా ఫోను మోగింది.

"అక్కా, బ్యాటరీల మీద కొత్త సవరణ వచ్చింది చూశావా? ఏడో పేజీలో, మార్కెట్లో ప్రవేశపెట్టినవారు అని ఉంది. అంటే తయారుచేసినవాళ్ళా, బయటినుంచి తెప్పించి అమ్మేవాళ్ళు కూడానా? మా వాళ్ళకి అర్థం కావడం లేదు."

అక్క సవరణ ఇంకా చూడలేదు. ఆ విభాగంలో లేకపోయినా ఇలాంటివి చదవడం మానలేదు, ఇదొక్కటే ఆలస్యమైంది. ఆగమని తెరిచి, చదివి, ముందున్న నిబంధనతో కలిపి విడమరిచి చెప్పింది. ఇరవై నిమిషాలు పట్టింది. చెల్లెలు మధ్యలో ఊ కొడుతూ రాసుకుంది. అమ్మ ఎలా ఉందని అక్క అడిగింది, బాగుందని చెల్లెలు చెప్పింది. ఇంకేమీ మాట్లాడుకోలేదు.

ఫోను పెట్టేశాక అక్క మనసు కాసేపు కులాసాగా ఉంది. చెల్లెలికి తెలియనిది తనకి తెలిసిందన్న పాత తీపి అది. తర్వాత అనుమానం వచ్చింది. దానికి తెలియకపోవడమేమిటి, తెలిసే అడిగిందేమో. తనని ఓదార్చడానికి అడిగిందేమో. అలా అయితే ఇది కూడా దాని దయే. పళ్ళు మళ్ళీ బిగుసుకున్నాయి.

కచ్చితంగా తేల్చుకుందామని సవరణ మళ్ళీ మొదటినుంచి చదివింది. పదకొండో పేజీ కింద చిన్న అక్షరాల్లో ఒక మినహాయింపు ఉంది. తను చెప్పిన దాంట్లో సగం దానివల్ల తప్పవుతోంది. చెల్లెలు ఆ మాట నమ్మి రాసిచ్చేస్తే ఇబ్బందిలో పడుతుంది. కొత్త ఉద్యోగి చూసి దిద్దుతాడులే అని ఒక మనసంది. దాని చేత చీవాట్లు తినడం ఎందుకని ఇంకో మనసంది.

అక్క షెడ్డు నంబరు నొక్కింది. ఇన్నేళ్ళలో ఆ నంబరుకి తనంతట తాను చేయడం అదే మొదటిసారి. ఎవరో కొత్తామె ఫోను ఎత్తింది.

"మేడమ్ లోడు దింపిస్తున్నారండీ. ఎవరు మాట్లాడేది?"

"వాళ్ళక్కని. ఇందాక ఒకటి తప్పు చెప్పానమ్మా, దిద్దాలి."

"ఆవిడ రావడానికి ఆలస్యమవుతుందేమో. మళ్ళీ చేస్తారా?"

అవతల పంకాల హోరు, ఇనుము మీద ఇనుము పడ్డ చప్పుడు, వాటి మధ్య చెల్లెలు ఎవరికో గట్టిగా ఏదో చెబుతుంటే అవతలివాళ్ళు నవ్వడం వినబడుతున్నాయి. ఆ నవ్వు ఇప్పటికీ అక్కకి ఎక్కడో కలుక్కుమంది.

"లేదు, పెట్టెయ్యకు. ఆవిడ వచ్చేదాకా ఆగుతాను" అంది.